బ్యాంకాక్‌లో మొదలయ్యే వియన్నా

మధ్యలో ఏ వారమైనా చదవడం తప్పినవాళ్ల కోసం రెండు మాటలు. తైనాన్‌లో ఇనపసామాన్ల కొట్టు నడిపే యెన్ ష్వేత్యెన్ పిసినారి. ఆయన అక్క ఆ-ల్వాన్ కూడా పిసినారే. కాకపోతే తమ్ముడు ఊళ్లు తిరక్కుండా డబ్బు మిగుల్చుకుంటాడు, అక్క ఊళ్లు తిరగడానికి మిగుల్చుకుంటుంది. పార్కులో పొద్దున్నే విసనకర్రలు పట్టుకుని డాన్సు చేసే నలుగురు ఆడవాళ్లకు వియన్నాలో జరిగే పెద్దవాళ్ల నృత్యోత్సవం నుంచి పిలుపు వచ్చింది. ఆ నలుగురిలో ఆ-ల్వాన్ ఒకతె, ష్వేత్యెన్ భార్య పీష్యా ఒకతె. అందరికీ దాదాపు సగం ధరకే టికెట్లు పట్టింది ఆ-ల్వాన్. అంత చవగ్గా ఎలా దొరికాయంటే, అవి బ్యాంకాక్‌లో మొదలయ్యే టికెట్లు. అందుకని వియన్నా వెళ్లడానికి మూడు వారాల ముందు నలుగురూ బ్యాంకాక్ వెళ్లారు. బయలుదేరే ముందు పీష్యా మొగుణ్ని ఒక మాట అంది: "పెళ్లయి ఇన్నేళ్లయింది, తగ్గింపు లేకుండా నాకు ఒక్క వస్తువైనా కొన్నావా?" ఆ మాట ష్వేత్యెన్‌కు గుచ్చుకుంది. ఎవరికీ చెప్పకుండా, బ్యాంకాక్ నుంచి నేరుగా తమ పక్క ఊరు కావ్‌ష్యుంగ్‌లో దిగే విమానానికి పూర్తి ధర పెట్టి టికెట్టు కొని ఆమెకు పంపాడు. తీసుకురావడానికి తనే విమానాశ్రయానికి వెళ్లి కూర్చున్నాడు. అంతలో అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"ఎంత పని చేశావురా!"

ష్వేత్యెన్ ఫోన్‌ను చెవికి కాస్త దూరంగా జరిపాడు. ఆయన ఒళ్లో పాలబొంత చేప గంజి డబ్బా ఉంది. విమానాశ్రయంలో తిండి కొనడం కన్నా పస్తు ఉండటం మేలని ఇంటి నుంచే తెచ్చుకున్నాడు. పీష్యాకు కూడా సరిపోయేంత తెచ్చాడు. విమానం రావడానికి ఇంకా చాలా టైముంది. తెల్లవారుజామున బయలుదేరే రైలుకు టికెట్టు తక్కువని అందులోనే వచ్చేశాడు.

"ఏం చేశానక్కా? పెళ్లానికి టికెట్టు కొన్నాను. అదీ తప్పేనా?"

"తప్పు కాదురా, కొంప ముంచడం. అదిప్పుడు మా గేటు దగ్గర లేదు. అటు చివర వేరే గేటు దగ్గర కాళ్లు చాపుకుని కూర్చుంది. నాకో ఫోటో పంపింది, కింద ఏం రాసిందో తెలుసా? 'మీరు ముగ్గురూ ఎక్కడో తైపే దగ్గర తావ్‌యువాన్‌లో దిగి రైల్లో తూలుకుంటూ రండి, నన్ను మా ఆయన నేరుగా తీసుకెళ్తున్నాడు' అని!"

ష్వేత్యెన్ ముఖం వెలిగిపోయింది. మూడు రోజులుగా ఆయన మనసు ఇలాగే గాల్లో తేలుతోంది. టికెట్టు అందగానే పీష్యా ఫోన్లో మాట్లాడిన తీరు ఆయనకు ఇంకా చెవుల్లోనే ఉంది. పెళ్లిచూపులప్పుడు కూడా ఆమె అంత మెత్తగా మాట్లాడలేదు.

"మరి బాగానే ఉంది కదా?" అన్నాడు.

"బాగుందా? ఒరే, నేను కొన్న టికెట్టు నాలుగు ముక్కలు. బ్యాంకాక్ నుంచి ఇంటికి ఒకటి. ఇంటి నుంచి వియన్నాకి ఒకటి. వియన్నా నుంచి ఇంటికి ఇంకోటి. ఆఖర్న కొత్త సంవత్సరం సెలవుల్లో ఇంటి నుంచి మళ్లీ బ్యాంకాక్‌కి. నాలుగు ముక్కలైనా టికెట్టు ఒక్కటే. ఇవాళ మొదటి ముక్క ఎక్కకపోతే మిగతా మూడూ వాళ్లే కొట్టేస్తారు. మీ ఆవిడ వియన్నా వెళ్లే రోజున కౌంటర్లో పేరు చెబితే, అలాంటి పేరే లేదంటారు. అర్థమైందా?"

అర్థం కాలేదు. ష్వేత్యెన్ కొట్టులో ఎవడైనా నాలుగు బోల్టులకు డబ్బు కట్టి, మొదటిది వద్దంటే మిగతా మూడూ లాక్కునే అలవాటు లేదు.

"అదేం న్యాయమక్కా? డబ్బు కట్టాం కదా. సీటు ఖాళీగా పోతే వాళ్లకేం నష్టం?"

"న్యాయం కావాలంటే తైపే నుంచి పూర్తి ధరకి కొనుక్కో. వాళ్ల షరతు వాళ్లది. దానికి తలొగ్గుతున్నాం కాబట్టే మనకి చవక."

"పీష్యాకి ఈ సంగతి చెప్పలేదా నువ్వు?"

"చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. నేను టికెట్ల గురించి మొదలుపెట్టగానే మీ ఆవిడ కళ్లు తెరిచే నిద్రపోతుంది. ఇల్లు చేరడమే కదా, ఏ విమానమైతేనేం అనుకుంది. ఇప్పుడు ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు. దండగ ఖర్చని తిడతానని భయం. నీదైతే ఎత్తుతుంది. ఇవాళ దాని కళ్లకి నువ్వు మహారాజువి."

ఆ-ల్వాన్ గబగబా మిగతాది చెప్పేసింది. సామాను రుసుము దండగని ఎవర్నీ చేతి సంచీకి మించి తేనివ్వలేదు కాబట్టి పీష్యా పెట్టె ఏ విమానంలోకీ వెళ్లలేదు. నలుగురికీ రాత్రే చెకిన్ చేసింది కాబట్టి బోర్డింగ్ కార్డు కూడా పీష్యా ఫోన్‌లోనే ఉంది. లేచి ఈ గేటుకు నడిచి వస్తే చాలు. కానీ ఇక్కడ జనాన్ని లోపలికి పంపడం మొదలుపెట్టేశారు.

"నలుగురి డాన్సు ముగ్గురు చెయ్యలేంరా. నడిమధ్యలో నిలబడేది అదే. నాకు తెలీదు, దాన్ని లేపు!" అని పెట్టేసింది.

ష్వేత్యెన్ చేతిలో ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి భార్యకు పూర్తి ధరకు ఒక వస్తువు కొన్నాడు. అది వద్దు, అక్కడే వదిలేసి రా అని ఇప్పుడు తన నోటితోనే చెప్పాలి. ఆయనకు ఏడుపొచ్చినంత పనయింది. అయినా పీష్యా ఈ వియన్నా కోసం ఎంత ఆశపడుతోందో ఆయనకు తెలియంది కాదు. వంటగదిలో గరిటె పట్టుకుని కూడా అడుగులు వేసుకుంటూ ఉంటుంది. పాత కేలండర్ మీద వియన్నా బొమ్మ ఉంటే దాన్ని చించి బియ్యం డబ్బా మీద అంటించుకుంది. ఆ బొమ్మ గుర్తొచ్చి ఫోన్ చేశాడు.

ఇటు మోగీ మోగకముందే ఎత్తింది. "ఏమయ్యా, అప్పుడే వచ్చేశావా? ఇంకా విమానమే ఎక్కలేదు నేను!" అంటూ నవ్వింది.

"పీష్యా, నువ్వు లేచి అక్క గేటుకి వెళ్లు."

"ఎందుకు?"

చెప్పాడు. ముక్కలన్నీ కలగాపులగం చేసి, వియన్నాను ఒకసారి బ్యాంకాక్ అనీ బ్యాంకాక్‌ను ఒకసారి తావ్‌యువాన్ అనీ అంటూ, ఎలాగోలా చెప్పాడు. పీష్యా మధ్యలో ఒక్క మాట కూడా అనలేదు. అది మంచి లక్షణం కాదని ఆయనకు అనుభవం మీద తెలుసు.

"అయిందా? నేను వెళ్లను," అంది.

"వెళ్లవా? వియన్నా పోతుంది!"

"పోతే పోనీ. నా కోసం మొగుడు పూర్తి ధర పెట్టి కొన్న టికెట్టు ఇది. పొద్దున్నించి పక్కనున్న ప్రతి ఆడదానికీ చూపించాను. ఇక్కడ ఒక కొరియా ఆవిడ ఉంది, నా భాష ఆవిడకి రాదు, ఆవిడక్కూడా చూపించాను. ఇప్పుడు దీన్ని చెత్తబుట్టలో పారేసి మీ అక్క వెనకాల చేతి సంచీ మోసుకుంటూ రమ్మంటావా?"

"అవును."

"ఓహో!" పీష్యా గొంతు మారింది. "తెలిసింది. ఈ టికెట్టు వాడకపోతే నీ డబ్బు నీకు తిరిగొస్తుంది. అంతేనా? మీ అక్కాతమ్ముళ్లు కలిసి లెక్క చూసుకున్నారు. రాత్రంతా నిద్ర పట్టి ఉండదు నీకు. అబ్బ, మూడు రోజులు మోశాడు పాపం, నాలుగో రోజుకి నడుం విరిగింది అయ్యగారికి!"

"రాదు."

"ఏది రాదు?"

"డబ్బు. ఒక్క డాలరు కూడా రాదు. కొనేటప్పుడే చెప్పారు, ఇది తిరిగివ్వం అని."

అవతల ఏ ఊరికో పోయే విమానం గురించి ఎవరో మైకులో చెబుతున్నారు.

"మళ్లీ చెప్పు," అంది. "రాదని తెలిసే వదిలేయమంటున్నావా?"

"తెలిసే."

"నువ్వు? చిల్లు పడ్డ బకెట్టుకి అడుగు వేయించి, అది ఊడితే మళ్లీ వేయించే నువ్వు?"

"నేనే. త్వరగా వెళ్లు పీష్యా, తలుపులు వేసేస్తారు."

"ఉండు. ఒంట్లో బాగానే ఉందా నీకు?"

"బాలేదు. కొన్నప్పుడే కడుపులో నొప్పి వచ్చింది. ఇప్పుడు పారేయమంటుంటే ఇంకా ఎక్కువగా వస్తోంది. అయినా సరే, నువ్వు వియన్నా వెళ్లాలి. బియ్యం డబ్బా మీద బొమ్మని నేను రోజూ చూస్తున్నాను. నువ్వు వెళ్లకపోతే నేనా డబ్బాలోంచి బియ్యం తీసుకోలేను."

ఇలాంటి మాట ష్వేత్యెన్ తన నోటి నుంచి వస్తుందని అనుకోలేదు. పక్క కుర్చీలో పేపరు చదువుతున్న ఒకాయన తలెత్తి చూశాడు. ష్వేత్యెన్‌కు చెవులు ఎర్రబడ్డాయి. గంజి డబ్బా మూత ఒకసారి తీసి మళ్లీ పెట్టాడు.

పీష్యా ముక్కు చీదింది. ఆ వెంటనే మామూలు గొంతుతో, "సరే వెళ్తాను. కానీ ఒక షరతు," అంది.

"ఏంటి?"

"వియన్నాకి నువ్వూ రావాలి."

ష్వేత్యెన్ గంజి డబ్బాను ఒక మోకాలి మీంచి ఇంకో మోకాలి మీదికి మార్చాడు.

"చూశావా? నాకు తెలుసు," అంది పీష్యా. "నన్నయితే పంపుతావు. నువ్వు మాత్రం ఆ కొట్టులో మేకులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటావు. అక్కడ నేనేం చూసినా, ఇది మా ఆయనకి చెప్పాలి అనుకుంటూ తిరగాలి. ఈ బ్యాంకాక్‌లో అదే అయింది. ఏది తిన్నా నువ్వే గుర్తొచ్చావు. ధర విని నువ్వు ముఖం ఎలా పెడతావో అనుకుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఒంటరిగా నవ్వితే ఏం బావుంటుందయ్యా?"

"నువ్వెప్పుడూ రమ్మనలేదు కదా."

"అడిగితే ఖర్చంటావని అడగలేదు. అయినా ఇప్పుడు అనుకుని ఏం లాభం, నీకు పాస్‌పోర్టే లేదు."

"ఉంది."

"ఏంటీ?"

"పాస్‌పోర్టు. ఉంది నా దగ్గర."

"ఎప్పుడు చేయించావు?"

"మీరంతా చేయించుకున్నారుగా. ఆ వారమే. సామాను కొనాలని చెప్పి వెళ్లాను చూడు, ఆ రోజు."

"ఎందుకు?"

ష్వేత్యెన్ కళ్లు నేల మీదికి దించాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా ఆయనకు సిగ్గేసింది.

"ఎవరైనా రమ్మంటారేమోనని," అన్నాడు.

ఫోన్‌లో కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపించింది. తర్వాత చెప్పుల చప్పుడు, అది అంతకంతకూ వేగం అందుకుంది. మధ్యలో పీష్యా ఎవరినో తప్పుకోండి తప్పుకోండి అంటోంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియడం లేదు. "పెట్టేస్తున్నా, మీ అక్కకి చెప్పాలి!" అని అరిచి పెట్టేసింది.

ష్వేత్యెన్ ఆ ఆనందంలో గంజి రెండు గుక్కలు తాగాడో లేదో అక్క మళ్లీ ఫోన్ చేసింది.

"నువ్వూ వస్తున్నావట! నిజమేనా? పరిగెడుతూ చెప్పింది, సగం అర్థమైంది, సగం కాలేదు."

"వస్తానక్కా. నాకూ ఒక టికెట్టు చూసి పెట్టు. చవగ్గా."

"చవగ్గానా? అయితే నువ్వు ముందు బ్యాంకాక్ రావాలి."

"నేను వెళ్లాల్సింది వియన్నాకి కదా."

"అందుకే బ్యాంకాక్ రమ్మంటున్నా. మా నలుగురి టికెట్టు లాంటిదే ఇంకొకటి రేపటికి ఉంది. బ్యాంకాక్ నుంచి ఇంటికి. పీష్యా మాట వింటూనే ఫోన్‌లో నీ పేరు మీద పట్టి ఉంచాను. నేను దిగగానే డబ్బు కడతా, అది నా పూచీ. రేపు పొద్దున్న నువ్వు బ్యాంకాక్‌లో ఆ విమానం ఎక్కాలి, అంతే."

"అంటే, నేనిప్పుడు ఇంటి దగ్గర్నుంచి బ్యాంకాక్ వెళ్లి, అక్కడ్నించి ఇంటికొచ్చి, తర్వాత ఇంటి దగ్గర్నుంచి వియన్నా వెళ్లాలి. అదీ చవకని."

"అవును."

"దీన్ని చవకనే మనిషిని మా కొట్టులో గుమస్తాగా కూడా పెట్టుకోను."

"తైపే నుంచి నేరుగా ఎంతో చెప్పనా?" అని ఆ-ల్వాన్ ఒక అంకె చెప్పింది. ష్వేత్యెన్ నోరు మూసుకున్నాడు.

"ఇప్పుడే కౌంటర్‌కి వెళ్లు. నువ్వు పీష్యాకి టికెట్టు కొన్న విమానం ఉంది చూడు, అది కావ్‌ష్యుంగ్‌లో జనాన్ని దింపేసి సాయంత్రం మళ్లీ ఇక్కడికే వస్తుంది. అందులో సీటు ఉందేమో అడుగు. పాస్‌పోర్టు ఇంట్లో ఉంది అన్నావో..."

"జేబులోనే ఉంది. విమానాశ్రయం గుమ్మంలోనే అడుగుతారనుకున్నాను."

ఆ-ల్వాన్ పగలబడి నవ్వింది. "నీ అమాయకత్వమే ఇవాళ నిన్ను కాపాడిందిరా!"

"అక్కా, పీష్యా వచ్చిందా?"

"ఇంకా లేదు. కనిపించడం లేదు. మిగతా ఇద్దర్నీ లోపలికి పంపి నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఈ గేటు పిల్ల నన్ను కూడా లోపలికి తోసేస్తోంది. ఉండమ్మా, ఒక్క నిమిషం, మా మరదలు వస్తోంది... అయ్యో, ఉండమంటున్నానా!"

లైను తెగింది. మళ్లీ చేశాడు. ఫోన్ ఆపేసి ఉంది. పీష్యాకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

ష్వేత్యెన్ గంజి డబ్బా చంకలో పెట్టుకుని కౌంటర్‌కు పరిగెత్తాడు. పాస్‌పోర్టు చూపించి, బ్యాంకాక్‌కు సాయంత్రం సీటు కావాలన్నాడు. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్‌లో వెతికింది.

"ఒకటే ఉంది బాబాయి గారూ. ఆఖరిది, మధ్య సీటు," అని ధర చెప్పింది.

ధర వినగానే ష్వేత్యెన్ చెయ్యి అలవాటు కొద్దీ పర్సు మీద బిగుసుకుంది. వెనకాల గోల్ఫ్ సంచీ మోసుకొచ్చిన ఒకాయన ముందుకు వంగి, "మీకు వద్దంటే నేను తీసుకుంటానండీ, నాకేం ఆలోచించేది లేదు," అన్నాడు.

"ఆగవయ్యా, వద్దన్నానా?" అన్నాడు ష్వేత్యెన్. అనేశాడు కానీ, చెయ్యి కదలలేదు. పీష్యా అక్క విమానం అందుకుని ఉంటే ఈ సీటు తీసుకోవాలి. అందకపోతే ఆమె వెనక్కి తిరిగి తను కొన్న విమానంలోనే ఎక్కి కావ్‌ష్యుంగ్ వస్తుంది. అప్పుడామెకు వియన్నా ఉండదు. ఆమె లేని వియన్నా కోసం తను ఎగేసుకుంటూ బ్యాంకాక్ పోవడం ఎందుకు? ఏ సంగతీ తెలిసే దాకా ఈ గోల్ఫ్ మనిషి ఆగేలా లేడు.

అప్పుడే ఫోన్ గరగరమంది. పీష్యా పంపింది. మాట ఒక్కటి కూడా లేదు, రాసే తీరిక లేనట్టుంది. ఒక ఫోటో ఉంది, అంతే. విమానం కిటికీ, దానవతల రెక్క చివర, పైన ఎండ.

ష్వేత్యెన్ ఫోన్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. రెక్క మీద రంగు గానీ రాత గానీ కనపడలేదు. పీష్యాకు చేశాడు. ఈసారి ఆమె ఫోన్ కూడా ఆపేసి ఉంది. ఫోన్‌ను కౌంటర్ అద్దానికి ఆనించి, "చూడమ్మా, ఇది ఎవరి విమానమో నువ్వు చెప్పగలవా? మీదేనా?" అని అడిగాడు.

అమ్మాయి కళ్లు చికిలించి చూసింది. "కిటికీలన్నీ ఒకేలా ఉంటాయి బాబాయి గారూ. ఎవరు ఎక్కారు?"

"మా ఆవిడ."

"ఎక్కడికి?"

"అదే తెలియాలి," అన్నాడు ష్వేత్యెన్.

గోల్ఫ్ ఆయన గొంతు సవరించుకున్నాడు. ష్వేత్యెన్ వ్యాపారంలో దిగినప్పటి నుంచి సరుకు చూడకుండా డబ్బు ఇచ్చిన మనిషి కాదు. బోల్టు కొన్నా మరలో తిప్పి చూసుకునేవాడు. అలాంటివాడు పర్సు తెరిచి, నోట్లన్నీ కౌంటర్ మీద పెట్టేశాడు. తగ్గింపేమైనా ఉందా అని అడగడం కూడా మరిచిపోయాడు.

ఆ తర్వాత సోదా చేసేచోట గంజి డబ్బా లోపలికి రాదన్నారు. పారేయడం ఇష్టం లేక అక్కడే నిలబడి ఇద్దరి గంజీ తనే తాగేశాడు. బరువెక్కిన పొట్టతో గేటు దగ్గరికి వెళ్లి గాజు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈ గేటుకు వచ్చే విమానం నుంచి దిగేవాళ్లు ఆ గోడ అవతలి నడవలోంచే పోతారని అక్కడ తుడుస్తున్న ఆవిడ చెప్పింది. ఆయన కళ్లు ఆ నడవ మీంచి కదల్లేదు.

మధ్యాహ్నం ఎండ వాలుతుండగా బ్యాంకాక్ విమానం వచ్చి ఆగింది. భార్య ఊరెళ్లిన ప్రతిసారీ బస్టాండులో, రైల్వే స్టేషన్లో, మెడ సాచి ఆమె కోసం వెతికిన మనిషి ష్వేత్యెన్. ఇవాళ కూడా మెడ సాచే చూస్తున్నాడు. కానీ పెళ్లయ్యాక మొదటిసారి, దేవుడా, దిగేవాళ్లలో మా ఆవిడ ఉండకూడదు అని దండం పెట్టుకుంటున్నాడు.

నడవ చివర తలుపు తెరుచుకుంది.